రికార్డు పుస్తకంలో కొట్టేసిన పేర్లు



ఈ వారం ఆస్ట్రియా రాజధాని వియన్నాలోని ఒక సంఘం గురించి రాస్తున్నాను. దాని పేరు హకోవా. హీబ్రూ భాషలో బలం అని అర్థం. అక్కడి క్రీడా క్లబ్బులు చాలావాటిలో యూదులను సభ్యులుగా చేర్చుకునేవారు కాదు. దాంతో వాళ్ళే 1909లో తమ క్లబ్బు పెట్టుకున్నారు. ఫుట్‌బాల్, కుస్తీ, ఈత, అన్నీ ఉండేవి. 1925లో వీరి ఫుట్‌బాల్ జట్టు ఆస్ట్రియా ఛాంపియన్ అయింది.

ఈతలో మాత్రం ఆడపిల్లలదే పైచేయి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌కు జూడిత్ డాయిచ్, రూత్ లాంగర్, లూసీ గోల్డ్‌నర్ ఎంపికయ్యారు. జూడిత్‌కు 17 ఏళ్ళు, రూత్‌కు 15. యూదులను వేధిస్తున్న హిట్లర్ దేశానికి వెళ్ళి ఈదబోమని ముగ్గురూ తేల్చిచెప్పారు. ఆస్ట్రియా ఈత సమాఖ్య వారిని పోటీల నుంచి నిషేధించింది. గెలిచిన టైటిళ్ళను, రికార్డులను కొట్టేసింది. అప్పటికి ఆస్ట్రియా ఇంకా జర్మనీలో కలవలేదని గమనించాలి. శిక్షించింది సొంత దేశమే.

1938 మార్చిలో నాజీలు వియన్నాలో అడుగుపెట్టారు. హకోవాను మూయించారు. ఆ రోజుల్లో క్లబ్బు ఈత విభాగం పెద్దలు పిల్లలను దేశం దాటించడానికి ఎంతో పాటుపడ్డారు. ఆ అమ్మాయిలు పాలస్తీనా, ఇంగ్లండ్, అమెరికా, ఇలా తలా ఒక దిక్కుకు చేరి బతికారు. దాటలేకపోయినవారి సంగతి వేరు. ఆస్ట్రియా యూదులు సుమారు 65,000 మంది నాజీల చేతుల్లో చనిపోయారు.

కొట్టేసిన టైటిళ్ళను ఆస్ట్రియా తిరిగి ఇచ్చింది 1995లో. అంటే 59 ఏళ్ళకు.

తరువాత దర్శకుడు యారోన్ జిల్బర్‌మన్ దేశదేశాలు తిరిగి, ఎనభై ఏళ్ళ వయసుకు చేరిన ఏడుగురు హకోవా ఈతగత్తెలతో మాట్లాడారు. వారిని మళ్ళీ వియన్నాకు రప్పించి, చిన్నప్పటి కొలనులో కలిసి ఈదించారు. 'వాటర్‌మార్క్స్' అనే ఆ డాక్యుమెంటరీ 2004లో వచ్చింది. జూడిత్ అందులో కనిపిస్తారు. అదే ఏడాది ఆమె కన్నుమూశారు. రూత్ 1999లోనే పోయారు. ఆమె మాట ఆ చిత్రానికి అందలేదు.

వాళ్ళు పడ్డ కష్టాలతో మన కథను పోల్చకూడదు. కానీ తరాల క్రితం వేరే భాష నేల మీద స్థిరపడి సంఘం కట్టుకున్నవాళ్ళం కనుక, ఒక సంగతి మనకు బాగా అర్థమవుతుంది. సంఘం ఉంటేనే పేర్లు నిలుస్తాయి. అడిగేవాళ్ళుంటేనే పెద్దల మాట మిగులుతుంది. మన సంఘం ఫోటోల్లో వెనక వరుసలో నిలబడ్డ అమ్మమ్మలు, మేనత్తలు ఏం చదివారో, ఏం ఆడారో, ఎందుకు మానేశారో మనలో ఎందరం అడిగాం? ఈ ఆదివారం ప్రతి ఇంట్లో ఒక్కరినైనా కూర్చోబెట్టుకుని అడగండి. పేరు, ఊరు, ఏడాది రాసుకుని సంఘానికి పంపండి.