రెండుసార్లు తీసిన ఫొటో

వాన మంచయింది.

అంతవరకూ కొండల మీద కొడుతున్న జల్లు ఉన్నట్టుండి చప్పుడు మానేసింది. దేవదారు కొమ్మల మీద తెల్లటి దూది పేరుకుంటోంది. చలి చెవులు కొరుకుతోంది. కాలిఫోర్నియాలోని యోసెమిటీ లోయ. డిసెంబర్ మొదటి రోజులు. ఏ సంవత్సరమో మాత్రం అడక్కండి. ఫొటో తీసినాయనకే సరిగ్గా గుర్తులేదు. తేదీలు రాసిపెట్టుకునే అలవాటే లేదు మహానుభావుడికి. 1930ల్లోనో 1940ల్లోనో ఏదో ఒక ఏడాది.

మధ్యాహ్నం కావస్తుండగా మబ్బు కదిలింది. ఆయన ఆకాశం వంక చూశాడు. వెంటనే కారెక్కాడు.

పేరు ఆన్సెల్ ఆడమ్స్. శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టాడు. నాలుగేళ్లప్పుడు, 1906 నాటి పెద్ద భూకంపం వచ్చి వెళ్లాక మళ్లీ ఒకసారి నేల ఊగితే, గోడకు కొట్టుకుని ముక్కు వంకరపోయింది. అది వంకరగానే ఉండిపోయింది. పియానో విద్వాంసుడు కావాలని ఏళ్ల తరబడి సాధన చేశాడు. పద్నాలుగేళ్లకు, 1916లో, అమ్మానాన్నలతో ఈ లోయకు వచ్చాడు. చేతిలో ఒక బాక్స్ కెమెరా పెట్టారు. అంతే. పియానో మెల్లగా వెనకబడింది.

కారు న్యూ ఇన్‌స్పిరేషన్ పాయింట్ దగ్గర ఆగింది. లోయంతా ఒకేసారి కనబడే చోటు అది. కానీ ఆ క్షణాన అక్కడ లోయే లేదు!

ఉన్నదల్లా మబ్బు. అడుగున ఎక్కడో మంచు రాలిన అడవి. ఎడమ పక్కన ఎల్ కాపిటన్ కొండ ఉండాలి. నిటారుగా మూడు వేల అడుగుల రాయి. మన గండికోట లోయ లోతు సుమారు మూడు వందల అడుగులంటారు కదా, అలాంటివి పది ఒకదాని మీద ఒకటి నిలబెడితే ఆ ఎత్తు. కుడి పక్కన బ్రైడల్‌వీల్ జలపాతం ఉండాలి. పెళ్లికూతురి మేలిముసుగు అని ఆ పేరుకు అర్థం. లోయలో తరతరాలుగా బతికిన ఆదివాసులు దాన్ని పొహోనో అన్నారు. 620 అడుగుల ఎత్తు నుంచి దూకే నీళ్లు. ఇప్పుడు వాటి జాడే లేదు.

ఆయన కంగారుపడలేదు. బరువైన ట్రైపాడ్ దించి, దాని కాళ్లు మంచులో దిగేదాకా నొక్కి, పది అంగుళాల పొడవూ ఎనిమిది అంగుళాల వెడల్పూ ఉన్న ఫిల్మ్ పట్టే పెద్ద కెమెరాను దాని మీద బిగించి, మడతల తిత్తిని సాగదీసి, నల్లగుడ్డ నెత్తిన కప్పుకుని, వేళ్లు కొంకర్లు పోతుంటే గరుకు గాజు మీద తలకిందులుగా పడే బొమ్మలోకి, అంటే కింద ఆకాశం పైన అడవి ఉన్న ఆ తెల్లటి తికమకలోకి, కళ్లు చికిలించి చూశాడు.

బొమ్మ కుదరాలి. జరగడానికి మాత్రం చోటు లేదు.

ఎడమకు వంద అడుగులు పోతే నిలువు కొండచరియ, కింద మెర్సెడ్ నది. కుడికి జరిగితే చెట్లు అడ్డం, కాదంటే రోడ్డు మధ్యలో నిలబడాలి. ముందుకు వేస్తే జారుడు వాలు. వెనక్కి తగ్గితే రోడ్డు పక్క పిట్టగోడ బొమ్మలోకి వచ్చేస్తుంది. శ్రావణంలో ఎగువ అహోబిలం ఎక్కినవాళ్లకు ఈ ఇరకాటం తెలుసు. జ్వాలా నరసింహుడి గుహ ముందు పై బండల నుంచి నీళ్లు దూకుతుంటాయి. ఫోన్ తీస్తాం. ఇటు జరిగితే ఇనుప రెయిలింగు, అటు జరిగితే ఎవరిదో సెల్ఫీ కర్ర. ఎలాగోలా నొక్కేసి వచ్చేస్తాం.

ఆయన నొక్కలేదు. నిలబడ్డాడు.

ఆ నిలబడటం వెనక పాత కథ ఒకటుంది. 1927 ఏప్రిల్ 10. అదే యోసెమిటీ, అదే మంచు. పెళ్లాడబోయే వర్జీనియా బెస్ట్, మరికొందరు స్నేహితులు వెంట ఉన్నారు. వీపున గాజు పలకల మూట. మొత్తం పన్నెండు పలకలు. హాఫ్ డోమ్ కొండకు ఎదురుగా వేలాడుతున్నట్టుండే బండ మీదికి చేరేసరికి చేతిలో మిగిలినవి రెండే. ఒకటి పసుపు ఫిల్టరుతో తీసేశాడు. తీసిన మరుక్షణమే తట్టింది, తప్పు చేశానని. కళ్ల ముందు ఉన్నది బొమ్మలోకి వస్తుంది, గుండె దడ మాత్రం రాదు. ఆకాశం నల్లగా దిగితే తప్ప ఆ కొండ కొండలా నిలబడదు. మిగిలింది ఒకే ఒక్క పలక. ముదురు ఎర్ర ఫిల్టరు తగిలించి దాన్ని కూడా వాడేశాడు. కడిగి చూస్తే ఆకాశం కాటుకలా దిగింది. ఫొటో నొక్కే ముందే ప్రింటును మనసులో చూసుకోవాలన్న సంగతి ఆ రోజు పట్టుబడింది. పదేళ్లకు, 1937లో, డార్క్‌రూమ్ అంటుకుని నెగెటివ్‌లు గుట్టలుగా కాలిపోయాయి. ఆ పలక అంచులు మాడాయి. కొండ మాత్రం బతికింది.

ఇప్పుడు, ఈ డిసెంబర్ మధ్యాహ్నం, నల్లగుడ్డ కింద ఆయన చూస్తున్నదీ గాజు మీది బొమ్మను కాదు. రేపు గోడకు వేలాడబోయే ప్రింటును.

మబ్బు చీలింది.

ముందు ఎల్ కాపిటన్ భుజం బయటికొచ్చింది. తర్వాత కుడివైపు రాళ్ల నడుమ నుంచి సన్నటి తెల్లగీత. జలపాతం! అంత దూరం నుంచి అది నూలుపోగంతే. అయినా అంత అడవిలో, అంత రాతిలో, చూపు పోయి ఆ పోగు మీదే ఆగుతుంది. ఫిల్మ్ హోల్డరు లోపలికి తోశాడు. ముందున్న రేకు లాగాడు. వెలుతురు క్షణానికోలా మారుతోంది. మబ్బు ఇంకాస్త తొలగనిద్దామా? ఆగితే ఇంతకన్నా బాగుంటుందా, లేక ఉన్నదీ పోతుందా?

షట్టరు పడింది.

కాసేపటికి లోయ మళ్లీ మూసుకుపోయినా తెరుచుకున్నా ఇక ఆయనకు పట్టింపు లేదు. అసలు పరీక్ష ఇంకా మొదలుకాలేదు మరి.

మంచు దగ్గర కెమెరా మోసపోతుంది. వెలుతురు కొలిచే మీటరుకు తెలుపని నలుపని తేడా తెలియదు, ఎదురుగా ఏదున్నా అది బూడిదరంగే అనుకుంటుంది. దాని మాట వింటే మంచు బూడిదకుప్ప అవుతుంది. నడి ఎండలో తెల్ల పంచె కట్టిన పెళ్లికొడుకును ఫోన్‌తో తీసి చూడండి, పంచె మసకేస్తుంది, ముఖం మాడుతుంది. అదే జబ్బు. దీనికి మందుగా ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి 1940 ప్రాంతంలో జోన్ సిస్టమ్ అనే లెక్క కట్టారు. కటిక నలుపు నుంచి కాగితం తెలుపు దాకా మెట్లు. ఏ వస్తువు ఏ మెట్టు మీద కూర్చోవాలో తీసేవాడే తేల్చాలి, మీటరు కాదు.

తేల్చిందంతా నెగెటివ్‌లోకి దిగిందా? డార్క్‌రూమ్ తలుపు మూసుకుంది. చీకటి.

కార్మెల్ తీరంలోని ఆయన ఇల్లు. ఏళ్లు గడిచాయి. బయట పసిఫిక్ హోరు. లోపల రసాయనాల ఘాటు. నెగెటివ్ బొమ్మను కాగితం మీద పెద్దది చేసి వేసే ఎన్‌లార్జర్, పాత స్టూడియో కెమెరా ఒకదాన్ని పడుకోబెట్టి చేసింది. దాని వెనక 36 బల్బులు, ఒక్కోదానికీ ఒక్కో స్విచ్. నెగెటివ్‌లో ఒక మూల పలచబడితే అక్కడి బల్బు ఆర్పొచ్చు. మూలన మెట్రోనోమ్ టిక్, టిక్ అంటోంది. పియానో వదిలినా తాళం వదల్లేదు మనిషి. నెగెటివ్ అంటే రాసిపెట్టిన స్వరం, ప్రింటు అంటే కచేరీ అని ఆయన పదేపదే చెప్పేది ఊరికే కాదు.

టిక్. కుడివైపు కింద కొండ నీడ మీదా, పక్కనున్న చెట్ల మీదా కాస్త వెలుతురు పడకుండా కమ్మీకి అతికించిన అట్టముక్క ఆడించాడు. అవి నల్లగా గడ్డకట్టకూడదు. టిక్. అట్ట తీసేశాడు. ఇప్పుడు పై ఆకాశం. అక్కడ కాగితానికి వెలుతురు ఇంకా పట్టాలి. చేతులు అడ్డుపెట్టి కిందినుంచి పైకి, పైనుంచి కిందికి జరుపుతూనే ఉన్నాడు. చెయ్యి ఒక్కచోట నిలిచిందా, గీత పడుతుంది, కాగితం చెత్తబుట్టలోకి. డాడ్జింగ్, బర్నింగ్ అని ఫొటో ఎడిటింగ్ యాప్‌లలో ఈనాటికీ ఉన్న ఆ రెండు మాటలూ ఇలాంటి చీకటి గదుల్లో పుట్టినవే.

కాగితం ట్రేలోకి జారింది. తెల్లగా ఉంది. తెల్లగానే ఉంది. మెల్లగా అడవి తేలింది. మబ్బు తేలింది. చివరికి కుడి పక్కన నూలుపోగు.

బాగుందా? తడిలో అన్నీ బాగుంటాయి. ఆరితే తెలుపు దిగిపోతుంది, మంచు మాసిపోతుంది. కనుక నమూనా ప్రింటును పట్టుకెళ్లి మైక్రోవేవ్ ఓవెన్‌లో పెట్టి ఆరబెట్టేవాడు! అన్నం వేడిచేసే పెట్టెలోంచి మంచుకొండలు బయటికొచ్చేవి. కుదరలేదా, మళ్లీ మొదటికి.

అలా ఒకటి రెండు కాదు. దశాబ్దాలు. వయసు పెరిగేకొద్దీ ఆయన ప్రింట్లలో నలుపు చిక్కబడింది, తెలుపు పదునెక్కింది. అదే నెగెటివ్. కచేరీ వేరు. ఉన్నదున్నట్టు చూపాల్సిన చోట చేతివాటం ఏమిటని అడిగినవాళ్లూ లేకపోలేదు. కానీ లేని జలపాతాన్ని ఆయన అతికించలేదు, ఉన్న చెట్టును చెరపలేదు. మబ్బు చీలినప్పుడు తనలో ఏం కదిలిందో దాన్ని కాగితం మీదికి లాగాడు, అంతే. ఇక ఈ ఫొటో కొత్త ప్రింటు ఒక్కటి కూడా ఆయన చేతి మీదుగా రాకుండా పోయే రోజు వచ్చింది.

1984 ఏప్రిల్ 22న, 82 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశాడు. ఆ ఫొటోకు ఆయన పెట్టిన పేరు 'క్లియరింగ్ వింటర్ స్టార్మ్'. 2010 జూన్‌లో న్యూయార్క్ వేలంలో దాని పెద్ద ప్రింటు ఒకటి 7,22,500 డాలర్లకు పోయింది.

మరి నెగెటివ్? ఆయన సాయంతోనే 1975లో ఆరిజోనా విశ్వవిద్యాలయంలో మొదలైన ఛాయాచిత్ర కేంద్రానికి ఆయన భాండారమంతా చేరింది. ఆ కేంద్రం ఉన్న ఊరు టూసాన్. చుట్టూ ఎడారి, నిలువెత్తు జెముడు చెట్లు, జూన్‌లో మన కర్నూలు మేనెలను తలపించే ఎండ. బయట తారు కరుగుతుంటే లోపల చల్లటి గదిలో, మంచు పడిన ఆ అడవీ ఆ జలపాతమూ భద్రంగా ఉన్నాయి.