ధర పడిపోయాక ఎవరు నిలబడ్డారు?

ఇంటర్లో ఆవర్తన పట్టిక కింద విడిగా రెండు వరసలు ఉండేవి, గుర్తుందా? ఎంసెట్ కోసం "లాంథనైడ్ కాంట్రాక్షన్" అని ఒక ముక్క బట్టీ పట్టి మిగతాదంతా వదిలేసేవాళ్ళం. ఆ పై వరసకి స్కాండియం, ఇట్రియం కలిపితే మొత్తం 17 మూలకాలు. వీటినే రేర్ ఎర్త్స్ అంటారు. పేరుకి రేర్ గానీ భూమిలో మరీ అంత తక్కువేం లేవు. ఒకేచోట పోగుపడి దొరకవు, అంతే. దొరికినా ఒకదాన్నుంచి ఇంకోదాన్ని విడదీయడం మహా చాకిరీ. వెంట వచ్చే థోరియం లాంటి రేడియోధార్మిక చెత్తని ఎక్కడ పెట్టాలన్నది ఇంకో తలనొప్పి.

హార్డ్ డిస్కులో, ఫోన్ స్పీకర్లో, కారు స్టీరింగ్ మోటార్లో ఉండే చిన్న చిన్న అయస్కాంతాలకి వీటిలోని నియోడిమియమే ప్రాణం. వేడికి తట్టుకోవాలంటే కాస్త డిస్ప్రోసియం కూడా పడాలి. ఈ అయస్కాంతాన్ని 1980ల మొదట్లో జపాన్లో సుమిటోమో వాళ్ళు, అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళు ఎవరికి వారు కనిపెట్టారు. చైనా కనిపెట్టలేదు. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి.

ముడిసరుకు ఆపేసి అవతలివాడి మెడలు వంచడం చైనాకే తెలిసిన విద్య అనుకుంటాం కదా. అంతకు చాలా ముందే మనమూ ఆ పని చేశాం! కేరళ తీరంలోని మోనజైట్ ఇసుకలో రేర్ ఎర్త్స్ ఉన్నాయి, థోరియం కూడా ఉంది. అది అణుశక్తికి పనికొస్తుందని స్వాతంత్ర్యం వచ్చిన రోజుల్లోనే మనవాళ్ళు ఎగుమతికి అడ్డుకట్ట వేశారు. 1951లో ఇక్కడ తిండిగింజలకి కటకట. గోధుమలు అప్పుగా ఇచ్చే బిల్లు అమెరికా కాంగ్రెసులో నడుస్తుంటే, బదులుగా మోనజైట్ ఇమ్మని అక్కడి సభ్యులు కొందరు పట్టుబట్టారు. నెహ్రూ ఒప్పుకోలేదు. చివరికి గోధుమలు వచ్చాయి, ఇసుక వెళ్ళలేదు.

ఈలోగా 1949లో కాలిఫోర్నియా ఎడారిలో యురేనియం కోసం తిరుగుతున్న వాళ్ళకి మౌంటెన్ పాస్ అనే చోట రేర్ ఎర్త్స్ గని దొరికింది. దాంతో మన ఇసుక మీద వాళ్ళ ఆధారం తగ్గింది. 1960ల మధ్యలో కలర్ టీవీలో ఎరుపు రంగుకి యూరోపియం కావాల్సొచ్చేసరికి ఆ గని దశ తిరిగింది. 1980ల దాకా ప్రపంచానికి సరుకు ఎక్కువగా అక్కడినుంచే.

మరి అమెరికా చేతిలోంచి ఎలా జారిపోయింది? ఎవరూ యుద్ధం చేసి లాక్కోలేదు. చైనాలో బయాన్ ఓబో అనే ఇనుప గనిలో ఇది ఇనుముతో పాటే బయటికొస్తుంది. జీతాలు తక్కువ, చెత్త గురించి అడిగేవాడు లేడు. ధర దిగిపోయింది. జనరల్ మోటార్స్ తన అయస్కాంతాల కంపెనీ మాగ్నెక్వెంచ్‌ని 1995లో అమ్మేసింది. కొన్నవాళ్ళలో చైనా కంపెనీలున్నాయి. కొన్నేళ్ళకి ఇండియానా రాష్ట్రంలోని ఫాక్టరీ మూసేసి పని మొత్తం చైనాకి పట్టుకుపోయారు. ఒకపక్క వ్యర్థజలాల పైపుల లీకేజీ గొడవ, ఇంకోపక్క చైనా ధరలు.. 2002లో మౌంటెన్ పాస్ కూడా మూతపడింది. ఎవరి లెక్క వాళ్ళకి కరెక్టే. అన్నీ కలిపి చూస్తే 2010 నాటికి ప్రపంచ ఉత్పత్తిలో దాదాపు 97 శాతం ఒక్క దేశంలో. మన భాషలో చెప్పాలంటే సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్.

ఆ ఏడాది ఎగుమతి కోటాని చైనా దాదాపు 40 శాతం కోసేసింది. సెప్టెంబరు 7న సెంకాకు దీవుల దగ్గర ఒక చైనా చేపల పడవ జపాన్ తీరరక్షక నౌకల్ని ఢీకొట్టింది. జపాన్ దాని కెప్టెన్‌ని అరెస్టు చేసింది. కొద్ది రోజుల్లోనే జపాన్‌కి రేర్ ఎర్త్స్ రావడం ఆగిపోయిందని వార్తలు. మేం ఆపలేదని చైనా అంది. తర్వాత లెక్కలు తిరగేసి నిజంగా ఆపారా అని అనుమానపడ్డ పండితులూ ఉన్నారు. నా దృష్టిలో అది పెద్ద తేడా కాదు. 90 శాతం సరుకు ఒకడి దగ్గరే కొంటున్నప్పుడు వాడు ఆపక్కర్లేదు, ఆపుతాడేమో అన్న భయం చాలు. జపాన్ సెప్టెంబరు 24న కెప్టెన్‌ని వదిలేస్తామంది. 2011 నాటికి కొన్ని మూలకాల ధరలు పదింతలు దాటాయి.

ధరలు అలా ఉన్నప్పుడు అందరూ వీరులే. కాలిఫోర్నియా గనిని మోలీకార్ప్ అనే కంపెనీ షేర్లు అమ్మి, అప్పులు చేసి మళ్ళీ తెరిచింది. జపాన్ ప్రభుత్వం అప్పటికప్పుడు 10,000 కోట్ల యెన్‌లు కేటాయించింది. ప్రత్యామ్నాయాల పరిశోధనకి, పాత సరుకు రీసైక్లింగుకి, విదేశీ గనుల్లో వాటాలకి. 2011లో జోగ్మెక్ అనే ప్రభుత్వ సంస్థ, సోజిత్స్ అనే ట్రేడింగ్ కంపెనీ కలిసి ఆస్ట్రేలియా కంపెనీ లైనాస్‌లో 25 కోట్ల డాలర్లు పెట్టాయి. గని ఆస్ట్రేలియాలో, శుద్ధి చేసే ప్లాంటు మలేషియాలో. రేడియోధార్మిక చెత్త మాకొద్దని మలేషియాలో జనం రోడ్డెక్కారు. ఆ భయాన్ని తేలిగ్గా తీసెయ్యలేం.

అసలు కథ ఆ తర్వాతే. ధరలు కుప్పకూలాయి. ప్రపంచ వాణిజ్య సంస్థలో కేసు ఓడిపోయి 2015లో చైనా కోటాలు ఎత్తేసింది. సరుకు చౌక, సమస్య తీరిపోయింది, ఇంకెందుకీ ఖర్చు?

ఈ ప్రశ్న మనకి కొత్త కాదు. డిజాస్టర్ రికవరీ సైట్ నడిపే ఏ టీమునైనా అడగండి. ఏడాదంతా కరెంటు, లైసెన్సులు, మనుషులు. మూడేళ్ళు ఏ ప్రమాదం జరక్కపోతే బడ్జెట్ మీటింగులో మొదట కత్తెర పడేది దానికే. పడిన మర్నాడే ప్రైమరీ సర్వర్ పడిపోవడం వేరే సంగతి :)

మోలీకార్ప్‌ని మార్కెట్‌కి వదిలేశారు. 2015 జూన్‌లో దివాలా తీసింది. ఆ గనిని 2017లో కొన్న బృందంలో ఒక చైనా కంపెనీకీ వాటా ఉంది. తవ్విన ఖనిజం శుద్ధి కోసం చైనాకే వెళ్ళేది! లైనాస్ కూడా మునగబోయింది. జపాన్ వాళ్ళు అప్పు తీర్చే గడువు పెంచారు, వడ్డీ తగ్గించారు. పేపర్లో హెడ్‌లైన్ రాని పని ఇది, కానీ 2010 తర్వాత జరిగినవాటిలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనబడేది ఇదే. అటు 2016లో హోండా, దైదో స్టీల్ కలిసి డిస్ప్రోసియం లాంటి బరువైన రేర్ ఎర్త్స్ లేని మోటారు అయస్కాంతం తెచ్చాయి. చైనా మీద జపాన్ ఆధారం 90 శాతం నుంచి సుమారు 60కి దిగింది.

పూర్తిగా గెలిచారా అంటే లేదు. 2025 ఏప్రిల్‌లో చైనా ఏడు మూలకాలకి ఎగుమతి లైసెన్సు తప్పనిసరి చేసింది. మే నెలలో షికాగోలో ఫోర్డ్ ప్లాంటు వారం రోజులు ఆగింది, జపాన్లో సుజుకి స్విఫ్ట్ తయారీ కూడా ఆగింది. డిస్ప్రోసియం లాంటివాటికి చైనా తప్ప దిక్కులేని పరిస్థితి అప్పటికీ పోలేదు మరి. మలేషియాలో లైనాస్ డిస్ప్రోసియం తీయడం మొదలుపెట్టిందే ఆ మే నెలలో. జులైలో అమెరికా రక్షణ శాఖ మౌంటెన్ పాస్ కంపెనీలో 40 కోట్ల డాలర్లు పెట్టి, నియోడిమియం-ప్రసియోడిమియంకి కిలో 110 డాలర్ల కన్నా తగ్గకుండా పదేళ్ళు మేం చూసుకుంటాం అంది. ధర పడినా నిలబడతాం అని ముందే రాసిచ్చారన్నమాట, మోలీకార్ప్ పోయిన పదేళ్ళకి.

ఇందులో మన విశాఖ కూడా ఉంది. ఒడిశా తీరపు ఇసుక నుంచి ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ తీసిన సరుకుని విశాఖ దగ్గర టొయోటా గ్రూపు వాళ్ళ ప్లాంటులో శుద్ధి చేసి జపాన్‌కి పంపేవాళ్ళు. జపాన్ వేసుకున్న బ్యాకప్పులో అదీ ఒక లింకు. ఇక్కడ చెప్పుకోదగ్గ అయస్కాంతాల ఫాక్టరీలు లేవు కాబట్టి ఎగుమతే దిక్కైంది. 2025 జూన్‌లో ఆ ఎగుమతి ఆపమని ఐఆర్ఈఎల్‌కి కేంద్రం చెప్పిందని వార్తలొచ్చాయి. నవంబరులో ఏడాదికి 6,000 టన్నుల అయస్కాంతాలు ఇక్కడే తయారయ్యేలా 7,280 కోట్ల రూపాయల పథకానికి కేబినెట్ ఆమోదం తెలిపింది. గడువు ఏడేళ్ళు, అందులో రెండేళ్ళు ఫాక్టరీ కట్టుకోవడానికే. ఫాక్టరీలు పూర్తయ్యి ఉత్పత్తి మొదలైన నెలలోనే చైనా ధర సగానికి దించితే, ఆ నష్టం ఎవరి పద్దులో పడుతుంది? టెండర్ కాగితాల్లో నేను మొదట వెతికేది అదే.