జైలోజ్ ఈస్టు
గ్లూకోజ్‌తో పాటు జైలోజ్‌నూ ఆల్కహాలుగా మార్చేలా జన్యువులు సవరించిన శిలీంధ్రం. కృష్ణా డెల్టాలో ఉయ్యూరు చక్కెర మిల్లు మొలాసిస్‌కు దీని అవసరం లేదు. అందులోని చక్కెరలను మామూలు ఈస్టే పులియబెడుతుంది. చిక్కంతా వరిగడ్డి నుంచి ఆల్కహాలు తీయడంలోనే. దాని హెమిసెల్యులోజ్‌ను విడగొడితే వచ్చేది ఎక్కువగా జైలోజ్. మామూలు ఈస్టు అయిన సాక్రోమైసిస్ సెరెవిసియే దాన్ని దాదాపు ముట్టదు. 1990లలో అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో నాన్సీ హో బృందం పిచియా స్టిపిటిస్ అనే మరో ఈస్టు జన్యువులను ఈ మామూలు ఈస్టులో చేర్చింది. అయితే ఆ జన్యువులు తయారుచేసే, జైలోజ్‌ను మార్చే రెండు ఎంజైములు వేర్వేరు కో-ఎంజైములను కోరతాయి కాబట్టి మధ్యలో జైలిటాల్ పేరుకుంటుంది. ఈ మెలికను నెదర్లాండ్స్ పరిశోధకులు 2003 ప్రాంతంలో పైరోమైసిస్ శిలీంధ్రపు జైలోజ్ ఐసోమరేజ్‌తో తప్పించారు. ఆ శిలీంధ్రం దొరికింది, విచిత్రంగా, భారతీయ ఏనుగు పేడలో! అయినా మరో చిక్కు మిగిలింది: గ్లూకోజ్ ఉన్నంతసేపు జైలోజ్ కణంలోకి సరిగా చొరబడదు, రెండింటికీ ద్వారం ఒకటే. అందుకే ఇప్పటి పరిశోధనలో చాలా భాగం రవాణా ప్రోటీన్లను మార్చడం మీదే సాగుతోంది.