వింత ఫోనుల వెల

సంతలో కుండను కొనువారు దానిని వేలితో తట్టి చూతురు. ఖంగుమని మోగిన కొందురు. బొంగురుగా పలికిన, పగులున్నదని విడిచిపెట్టుదురు. కుండ వేల సంవత్సరముల నాటి వస్తువు. దాని గుణదోషములు తాతల నాడే తెలిసినవి కనుక పరీక్ష సులభము. కాని లోకములో అంతకు ముందు లేని వస్తువు అంగడికి వచ్చినపుడు దానిని ఎట్లు తట్టి చూడవలెను? దాని వెల ఒక కుటుంబము ఏడాది పొడవునా కూడబెట్టిన సొమ్మంత ఉన్నపుడు ఇది చిన్న ప్రశ్న కాదు.

2019వ సంవత్సరము అక్టోబరులో మన దేశపు అంగళ్ళలోనికి ఒక వింత ఫోను వచ్చినది. దాని తెరను పుస్తకమువలె మడచవచ్చును. మూసినపుడు జేబులో ఇముడును. తెరచినపుడు లోపలి తెర మూలనుండి మూలకు 7.3 అంగుళములు ఉండును. సామ్‌సంగ్ సంస్థ తయారుచేసిన ఈ గెలాక్సీ ఫోల్డ్ వెల 1,64,999 రూపాయలు. ఆ సొమ్ముతో మామూలు ఫోనులు పది కొనవచ్చును. “ఇంత వెల పెట్టి దీనిని కొనదగునా?” అని అందరును అడిగినారు. ఈ ప్రశ్న కొత్తది కాదు. చేతి ఫోను పుట్టిన నాటినుండి ఇది మరల మరల వినబడుచునే ఉన్నది. గడచిన కాలము దీనికి ఏ సమాధానములు ఇచ్చినదో చూచిన, తట్టి చూచు విధము కొంత తెలియును.

నడచు మనిషికి ఫోను

1946లో అమెరికాలోని సెయింట్ లూయీ నగరములో మోటారు కారునుండి మాటలాడు టెలిఫోను వాడుకలోనికి వచ్చినది. ఆ పరికరము బరువు సుమారు 36 కిలోగ్రాములు. నగరమంతటికి కొద్ది రేడియో మార్గములే ఉండుటచేత ఒకే సమయమున కొద్దిమంది మాత్రమే మాటలాడగలిగేవారు. ఈ చిక్కును తీర్చుటకు బెల్ పరిశోధనాలయమువారు ఒక ఉపాయము ఆలోచించినారు. నగరమును చిన్న చిన్న గదులుగా విభజించి, ఒక్కొక్క గదికి ఒక తక్కువ శక్తిగల ప్రసార స్తంభమును నిలిపినచో, ఒక గదిలో వాడిన రేడియో తరంగమునే దూరముగా ఉన్న మరియొక గదిలో మరల వాడవచ్చును. ఈ గదికే ఇంగ్లీషులో ‘సెల్’ అని పేరు. నేడు పల్లెలలో సైతము వినబడు ‘సెల్ ఫోను’ అను మాట ఇట్లు పుట్టినదే.

మోటరోలా సంస్థలో పనిచేయుచున్న మార్టిన్ కూపర్ మరియొక సంగతిని గ్రహించినాడు. టెలిఫోను నంబరు ఇంటికో కారుకో కాక మనిషికి చెందవలెనని అతని వాదము. 1973 ఏప్రిల్ 3వ తేదీన అతడు న్యూయార్క్ వీధిలో నిలబడి, కిలోగ్రాముకు మించిన బరువుగల చేతి ఫోనుతో, బెల్ పరిశోధనాలయములోని తన పోటీదారుడైన జోయెల్ ఎంగెల్‌కు ఫోను చేసినాడు. ఆ నమూనా అమ్మకపు వస్తువుగా మారుటకు పది సంవత్సరములు పట్టినది. 1983లో ప్రభుత్వ అనుమతి పొందిన ఆ ఫోను పేరు డైనటాక్ 8000ఎక్స్. వెల 3,995 డాలర్లు. నేటి విలువలో అది 10,000 డాలర్లకు మించును. బరువు సుమారు 790 గ్రాములు. బ్యాటరీకి పది గంటలు విద్యుత్తు ఎక్కించిన, అర గంట మాటలాడవచ్చును.

లెక్క చూచినవారు నవ్వియుందురు. అయినను ఆ ఫోను నిలిచినది. దాని లోపములన్నియు కాలక్రమమున తగ్గదగినవి. అది తీర్చిన అవసరము మాత్రము నిజమైనది. స్థిరాస్తి వ్యాపారి, వైద్యుడు మొదలగువారికి అర గంట సంభాషణయే వెలకు తగిన ఫలమును ఇచ్చినది.

ముందుగా పుట్టిన సైమన్

రెండవ ఉదాహరణము వేరు విధమైనది. 1994 ఆగస్టులో ఐ.బి.ఎం. సంస్థ రూపొందించిన ‘సైమన్’ అను ఫోనును బెల్‌సౌత్ అను టెలిఫోను సంస్థ అమ్మకమునకు పెట్టినది. దానిపై అంకెల మీటలు లేవు. తెరను తాకి పని చేయించవలెను. అది ఫ్యాక్సు పంపును, ఈ-మెయిలు పంపును, కార్యక్రమముల పట్టికను, చిరునామాలను దాచును. నేటి స్మార్ట్ ఫోను లక్షణములు అనేకము అందులో కలవు. ఒప్పందము లేకుండ కొన్నచో వెల 1,099 డాలర్లు.

ఆరు నెలలలో సుమారు 50,000 సైమన్‌లు అమ్ముడుపోయినవి. 1995 ఫిబ్రవరిలో అమ్మకము నిలిచిపోయినది. బరువు అర కిలోగ్రాము. బ్యాటరీ సుమారు ఒక గంట సంభాషణకే సరిపోవును. సమాచారమును మోయు రేడియో మార్గములు మిక్కిలి నెమ్మదైనవి. పదమూడు సంవత్సరముల తరువాత, 2007లో, ఆపిల్ సంస్థవారి ఐఫోను ఇదే దారిలో నడచి లోకమంతట వ్యాపించినది. ఆ మధ్యకాలములో బ్యాటరీలు తేలికపడినవి, రేడియో మార్గములు వేగము పొందినవి, ఇంటర్నెట్టు ఇంటింటికి చేరినది.

దీనినిబట్టి ఒక సంగతి స్పష్టము. ఒక భావము సరియైనదగుట వేరు. దానిని ఆ నాడే కొనుట లాభకరమగుట వేరు. సైమన్‌ను రూపొందించినవారి ఊహ తప్పు కాదు. కాని 1994లో దానిని కొన్నవారి చేతిలో మిగిలినది, ఆరు నెలలకే తయారుదారు విడిచిన వస్తువు.

అవసరము లేని వింత

2018 నవంబరులో రెడ్ అను సంస్థ హైడ్రోజన్ వన్ అను ఫోనును 1,295 డాలర్లకు అమ్మినది. ఇది చలనచిత్రముల కెమెరాలకు పేరుపొందిన సంస్థ. ఈ ఫోను తెరపై, కండ్లజోడు లేకుండనే, బొమ్మలు లోతుతో కనబడును. తెర వెనుకనుండి వచ్చు కాంతిని వివర్తనము ద్వారా వేరువేరు దిశలకు మళ్ళించి, ఎడమ కంటికి ఒక బొమ్మ, కుడి కంటికి మరియొక బొమ్మ చేరునట్లు చేసినారు. భౌతిక శాస్త్రము దృష్టిలో ఇది ముచ్చటైన పనియే. కాని అట్టి బొమ్మలు లోకములో ఎన్ని ఉన్నవి? ఫోనులో లోతు లేనందున ఎవరి పని ఆగిపోయినది? 2019 అక్టోబరులో సంస్థ స్థాపకుడు విశ్రాంతి తీసికొనుచు ఈ ప్రయత్నమును ముగించినాడు. అమ్మకము మొదలై సంవత్సరమైనను నిండలేదు.

గాజును మడచుట

ఇక మడత ఫోను సంగతి. దీనికి అవసరము ఉన్నది. చదువుటకు పెద్ద తెర కావలెను. జేబుకు చిన్న వస్తువు కావలెను. ఇట్టి చిక్కు మన పూర్వులకును తెలియును. ఎండిన తాటాకును అడ్డముగా మడచిన విరుగును. కావున తాళపత్ర గ్రంథములో ఆకులకు రంధ్రము చేసి, దారము గ్రుచ్చి, దొంతరగా పేర్చినారు. కాగితము వచ్చిన తరువాతనే పుటను మడచుట సాధ్యమైనది. ఫోను తెరయు 2018 వరకు తాటాకు దశలోనే ఉన్నది.

గాజు ఎందుకు మడవబడదో చిన్న లెక్కతో తెలిసికొనవచ్చును. ఒక పలకను వంచినపుడు వెలుపలి ముఖము సాగును, లోపలి ముఖము కుంచించుకొనును. నడుమ సాగుట గాని కుంచించుట గాని లేని తలము ఒకటి ఉండును. దానిని తటస్థ తలమందురు. వెలుపలి ముఖపు సాగుదల నిష్పత్తి, అనగా వికృతి, కావలెనన్న పలక మందమును వంపు వ్యాసార్థమునకు రెట్టింపుతో భాగింపవలెను. మందము 0.6 మిల్లీమీటరు, వంపు వ్యాసార్థము 1.5 మిల్లీమీటరు అనుకొనుడు. వికృతి 0.6ను 3తో భాగించగా 0.2, అనగా నూటికి 20 వంతులు. మామూలు గాజు నూటికి ఒక వంతు సాగకముందే పగులును. మందమును 0.03 మిల్లీమీటరునకు తగ్గించిన, వికృతి నూటికి 1 వంతు మాత్రమే. తల వెండ్రుకకంటె పలుచనైన ఈ గాజును రసాయనిక విధానమున గట్టిపరచినచో ఆ వంపును తట్టుకొనును.

గాజు ఒక్కటే చాలదు. కింద వెలుగు తెరయు వంగవలెను. 1987లో ఈస్ట్‌మన్ కోడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ అనువారు పలుచని సేంద్రియ పొరలలో తక్కువ వోల్టేజీతో కాంతి పుట్టించినారు. ఇట్టి తెర తానే వెలుగును కనుక వెనుక దీపము అక్కరలేదు. పొరలను గాజుపై కాక, వేడికి ఓర్చు పాలీఇమైడ్ అను ప్లాస్టిక్ రేకుపై పరచినచో తెర వంగును. 2013 జనవరిలో సామ్‌సంగ్ వంగు తెరను లాస్ వేగాస్ ప్రదర్శనలో చూపినది. అది అంగడికి మడత ఫోనుగా చేరుటకు ఆరేండ్లు పట్టినది. ఈ లోపున 2018లో చైనాలోని రొయోల్ సంస్థ ఫ్లెక్స్‌పాయ్ అను మడత ఫోనును ముందుగా ప్రకటించినది.

పరీక్షాగారము, జేబు

గెలాక్సీ ఫోల్డ్‌ను 2019 ఫిబ్రవరిలో ప్రకటించినపుడు వెల 1,980 డాలర్లు. యంత్రముచేత 2,00,000 సార్లు మడచి పరీక్షించితిమని సంస్థ తెలిపినది. దినమునకు నూరుసార్లు మడచినను ఇది అయిదేండ్లకు మించును. కాని ఏప్రిలులో పత్రికా పరీక్షకులకు ఇచ్చిన ఫోనులలో కొన్ని ఒకటి రెండు దినములలోనే చెడినవి. ఈ తొలి ఫోనుల తెరపై ఉన్నది గాజు కాదు, ప్లాస్టిక్ పొర. కొందరు దానిని కొత్త వస్తువుకు అంటించు పైరేకు అనుకొని ఊడదీసినారు. మరికొన్నింటిలో బందు దగ్గరి సందులనుండి నలుసులు తెర కిందికి చేరి ఉబ్బెత్తు చేసినవి.

యంత్రము లక్షసార్లు మడచగలదు. కాని దాని జేబులో ఇసుక ఉండదు, చేతికి గోళ్ళు ఉండవు, ఊడదీయవలెనను కుతూహలము ఉండదు. పరీక్షాగారములో ఒక్క కారణమును వేరుచేసి పరీక్షింతురు. జేబులో కారణములన్నియు ఒక్కసారి పనిచేయును.

సంస్థ అమ్మకమును వాయిదా వేసినది. పైపొర అంచులను చట్రము కిందికి పొడిగించినారు. బందు రెండు కొనలకు మూతలు బిగించినారు. తెర కింద లోహపు పొరలు చేర్చినారు. సెప్టెంబరులో ఫోను మరల వచ్చినది. 2020లో పలుచని గాజు తెర గల మడత ఫోను వెలువడినది; బందు సందులలో నలుసులను ఆపుటకు సన్నని కుచ్చులు అమర్చినారు. 2021లోని మూడవ తరపు ఫోల్డ్ నీటికి ఓర్చుకొన్నది. వెల 1,799 డాలర్లకు, మన దేశములో 1,49,999 రూపాయలకు తగ్గినది. మొదటివారి కష్టములతో తరువాతివారి ఫోను బాగుపడినది.

ఇంకొక దారి త్రొక్కినవారును కలరు. 2020 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ సంస్థ సర్ఫేస్ డ్యుయో అను ఫోనును 1,399 డాలర్లకు అమ్మినది. తెరను మడచుటకు బదులు రెండు గాజు తెరలను బందుతో కలిపినారు. ఒకవిధముగా ఇది తాళపత్ర పద్ధతియే. ఇందులో గాజు మడత చిక్కు లేదు. అయినను 2023 సెప్టెంబరుతో ఆ ఫోనుకు సాఫ్ట్‌వేరు సవరణలు నిలిచిపోయినవి. మూడేండ్ల వస్తువునకు బందు సడలలేదు, తెర పగులలేదు, పోషించువాడే తప్పుకొన్నాడు.

తట్టి చూచు విధము

ఈ చరిత్రనుండి మూడు పరీక్షలు తేలుచున్నవి. మొదటిది: ఈ వింత ఏ అవసరమును తీర్చుచున్నది? డైనటాక్ ఈ పరీక్షలో నెగ్గినది; హైడ్రోజన్ ఓడినది. రెండవది: ఇందులో అతి బలహీనమైన భాగము ఏది, అది జేబులో ఎంతకాలము నిలిచినది? ప్రకటనలోని అంకె దీనికి జవాబు కాదు; రెండు మూడేండ్లు వాడినవారి అనుభవమే జవాబు. మూడవది: తయారుదారు దానిని ఎన్నాళ్ళు పోషించును, తెర చెడిన మార్చుటకు ఎంత అడుగును? సైమన్, డ్యుయో ఇక్కడ ఓడినవి. మడత ఫోనుల విషయములో ఇది మెరుగుపడినది. 2024లో వచ్చిన ఆరవ తరపు ఫోల్డ్‌కు ఏడేండ్లు సాఫ్ట్‌వేరు సవరణలు ఇత్తుమని సంస్థ మాట ఇచ్చినది.

కావున 2019లో మడత ఫోను కొనదగినదా అన్నచో, ఆ ఏడు కొన్నవాడు ఫోనుతోపాటు ఒక ప్రయోగములో పాత్రను కూడ కొన్నాడని చెప్పవలెను. పోయినను బాధ లేని సొమ్ము గలవానికి అది తగును. అట్టివారు లేనిదే కొత్త వస్తువు బాగుపడదు. పిల్లల చదువుకో వైద్యమునకో దాచిన సొమ్ముతో ఆ పాత్ర కొనుట తగదు. మూడవ తరము వచ్చువరకు ఆగినవానికి గట్టి తెర, తక్కువ వెల రెండును దొరికినవి. అప్పటికిని, పెద్ద పుటను చేతిలో పట్టుకొని తిరుగవలసిన పని ఉన్నవారికే దాని ఫలము. ఆ పని లేనివారికి మడత ఎంత గట్టిదైనను వెల ఎక్కువే.

ఇంతకును కుండ కొనువాడు తట్టి చూచుటకు ముందే ఒక ప్రశ్న వేసికొనును: ఇంట నీరు నింపుటకు కుండ కావలెనా? కొత్త ఫోను దగ్గర మనుష్యులు మరచునది తరచుగా ఈ ప్రశ్ననే.