ఎనిమిదేళ్ల పెళ్లికూతురు

కష్టాల్లో పెరిగిన పిల్లలే గట్టివాళ్లవుతారని మన పెద్దవాళ్లు అంటుంటారు. ఆ మాటలో నిజం సగమేనని నాకనిపిస్తుంది. కష్టాలు ఎందరికో వస్తాయి. వాటిలోంచి బయటపడి నలుగురికి నీడ ఇచ్చినవాళ్లు ఎందరండీ? దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి జీవితం తలుచుకున్నప్పుడల్లా నాకీ సందేహమే కలుగుతుంది.

ఆవిడ 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏటనే పెళ్లి చేసేశారు. అప్పట్లో అదేమీ వింత కాదు. ఆడపిల్లకి పద్నాలుగేళ్లయినా నిండాలన్న శారదా చట్టం 1929 దాకా రాలేదు. బొమ్మల పెళ్లిళ్లు చేసుకునే ఈడులో తమ పెళ్లే అయిపోయిన పిల్లలు ఎంతమందో! వాళ్లలో చాలామంది ఈడేరగానే అత్తవారింటికి వెళ్లి, ఆ వంటింట్లోనే తల పండిపోయారు. వాళ్ల పేర్లు ఏ చరిత్రలోనూ లేవు.

దుర్గాబాయమ్మ మాత్రం ఊహ తెలిశాక కాపురానికి వెళ్లనన్నారు. భర్త సుబ్బారావుగారికి తానే నచ్చజెప్పి, మరో పెళ్లి చేసుకోమన్నారు. పదిహేనేళ్ల పిల్ల అంతమాట అనడం గొప్పే. తండ్రి రామారావుగారూ, తమ్ముడు నారాయణరావుగారూ ఆమె పక్షాన నిలబడడం నా దృష్టిలో అంతకన్నా గొప్ప. లోకం ఏమనుకుంటుందోనని ఇంట్లోవాళ్లే ఆ పిల్ల నోరు నొక్కేసి ఉంటే ఏమయ్యేది? పసితనంలో తగిలిన దెబ్బ కన్నా, ఆ దెబ్బ చూసి ఇంట్లోవాళ్లు ఏమన్నారన్నదే మనిషి బతుకుని ఎక్కువ మలుస్తుందేమో.

చదువు సంగతీ అంతే. ఇంగ్లీషులో బోధన పెట్టారని చిన్నప్పుడే బడి మానేశారు. మానేసి ఊరుకోలేదు సుమండీ! తాను నేర్చుకున్న హిందీతో ఆడపిల్లలకి పాఠశాల పెట్టారు. 1923లో కాకినాడ కాంగ్రెస్ మహాసభలప్పుడు ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపేసిన వాలంటీరు ఈవిడే. ఆ కథ అందరూ ఎరిగిందే కనుక అక్కడ ఆగను.

ఉప్పు సత్యాగ్రహంతో జైలు జీవితం మొదలైంది. మధుర జైల్లో ఒంటరి కొట్లో పెట్టారు. ఆరోగ్యం బాగా దెబ్బతింది. జైలు నుంచి వచ్చాక, సాటివాళ్లు పిల్లల్ని బడికి పంపే వయసులో, ఈవిడ బెనారస్ మెట్రిక్యులేషన్‌కి పుస్తకాలు పట్టారు. తరువాత వాల్తేరులో ఆంధ్రా యూనివర్సిటీలో చేరబోతే, ఆడపిల్లలకి హాస్టలు లేదని వైస్ ఛాన్సలర్ సి.ఆర్. రెడ్డిగారు సంకోచించారట. ఈవిడ చేసిన పని చూడండి. హాస్టలు లేక చదువు ఆగిపోయినవాళ్లు ఉంటే రమ్మని పత్రికలో ప్రకటన వేయించి, వచ్చిన అమ్మాయిలతో తామే ఒక వసతి ఏర్పాటు చేసుకుని సీటు సంపాదించారు! తన ఒక్కదానికి దారి అడిగి ఊరుకోకుండా, తనలాగే ఆగిపోయినవాళ్లని వెదికి పిలవడం, అదీ ఆవిడ స్వభావం.

మద్రాసులో 1937లో మొదలైన ఆంధ్ర మహిళా సభ తొలినాళ్ల పనుల్లో ఒకటి, తెలుగు ఆడపిల్లలని ఆ బెనారస్ పరీక్షకే తయారుచేయడం. 1942లో లా ముగించారు. రాజ్యాంగ సభలో స్త్రీల ఆస్తి హక్కు కోసం మాట్లాడారు. 1953లో దేశ్‌ముఖ్ గారిని పెళ్లాడారు. ఆ ఏడే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలయ్యారు. 1958లో ఆ బోర్డు తరఫున వయోజన స్త్రీలకి సంక్షిప్త విద్యా కోర్సులు మొదలయ్యాయి. చిన్నప్పుడే పెళ్లయి చదువు ఆగిపోయినవాళ్లు, విధవలు, భర్త వదిలేసినవాళ్లు, ఇలాంటివాళ్లు రెండేళ్లలో మెట్రిక్ పరీక్షకి కూర్చునే వీలుండేది. ఎవరిని తలుచుకుని పెట్టారో వేరే చెప్పాలా?

ఇంకొక్క సంగతి ఉంది. సభలూ బిరుదుల కన్నా నాకిదే ఎక్కువ గుర్తుంటుంది. దుర్గాబాయమ్మ మాట ప్రకారమే సుబ్బారావుగారు మరో పెళ్లి చేసుకున్నారు. 1941లో ఆయన పోయాక ఆ రెండో భార్య ఆంక్షల మధ్య దిక్కు తోచకుండా మిగిలిపోయింది. ఆవిడని దుర్గాబాయమ్మ ఆంధ్ర మహిళా సభకి తీసుకొచ్చారు. తన దగ్గరే ఉంచుకుని, చేతిపని నేర్పించి, తన జీతంతో తాను బతికేలా చేశారు.