పొగ ఎక్కువ, వేడి తక్కువ

జనవరి, తెల్లవారుజామున అయిదు. డొంకరాయిలో ఒక పెంకుటింటి పెరట్లో ఉన్నారు మీరు. సీలేరు లోయను మంచు కమ్మేసింది, ఆనకట్ట ఎటుందో కూడా తెలియడం లేదు. చలికి పేరుమోసిన లంబసింగి ఎత్తు సుమారు మూడు వేల అడుగులు. డొంకరాయి జలాశయం పూర్తిమట్టమే 1,037 అడుగులు. అంత చలి ఇక్కడుండదులే అనుకుని పల్చటి శాలువాతో వచ్చేశారు. కొండల మీంచి లోయలోకి జారే చల్లగాలికి మీ లెక్కలతో పనిలేదు.

గోడవార రాగి బాయిలర్. నడుమ గొట్టం, దాని చుట్టూ నీళ్లు, అడుగున ఇనుప జల్లెడ, ఆ కింద బూడిద గూడు. పక్కనున్న గరాటులో చన్నీళ్లు పోస్తే అవి అడుక్కి దిగి, పైకి తేలిన వేడినీళ్లను మూతిలోంచి బయటికి నెడతాయి. బకెట్ పోస్తే బకెట్ వస్తుంది. ఇంత తెలివైన వస్తువు మన పెరళ్లలో ఎన్నేళ్లు పొగచూరి పడుందో!

డొంకరాయి కాలువ మీద 25 మెగావాట్ల విద్యుత్ కేంద్రం, దిగువన మోతుగూడెం దగ్గర అంతకు ఎన్నో రెట్లు పెద్దది. ఇంత కరెంటు పుట్టే చోట స్నానానికి కట్టెలేమిటని అడగబోయి ఊరుకుంటారు. గీజరు కొనాలి, బిల్లు కట్టాలి. ఎండుకొమ్మ పెరట్లోనే ఉంది.

చితుకులు, వెదురు పేళ్లు పైనుంచి గొట్టంలో వేసి అగ్గిపుల్ల గీశారు. అంటుకుంది. చలి తొందర పెడుతోంది కదా, లావుపాటి మొద్దులు నాలుగు దూర్చారు. మంట చప్పున అణిగిపోయి పొగ సుడులు తిరిగింది. కళ్లల్లో నీళ్లు. గరాటులో చెంబుడు పోసి చూస్తే మూతిలోంచి వచ్చినవి గోరువెచ్చన కూడా కావు.

“అలా కుక్కేయకండి బాబూ, గాలాడాలి!” ఇంటి పెద్దావిడ వంటింట్లోంచి వచ్చి రెండు మొద్దులు బయటికి లాగేసింది. ఒకదాని కొసన నురగ బుసబుసలాడుతోంది. దాన్ని పక్కన పడేసి, చూరు కింది పేర్పులోంచి రెండు ఎండు పేళ్లు తీసి ఒకదానితో ఒకటి కొట్టింది. టంగుమన్నాయి. పచ్చిది అలా మోగదు.

అసలు సంగతి అంతా ఆ నురగలోనే ఉంది. ముందు కట్టెలోని నీళ్లు మరిగి ఆవిరి కావాలి, ఆ తర్వాతే మీ స్నానపు నీళ్ల వంతు. బరువులో సగం నీరే ఉన్న పచ్చికట్టె కిలోకి ఇచ్చే వేడి, బాగా ఎండినదాంట్లో దాదాపు సగం. నలభై లీటర్లను 20 డిగ్రీల నుంచి 60కి తేవడానికి లెక్కప్రకారం అరకిలో ఎండుకట్టె చాలు. మూడో వంతు వేడే నీటికి చేరిందనుకున్నా కిలోన్నర సరిపోతుంది. మీరు కుక్కిన మొద్దులు అంతకు రెండింతలు.

ఆవిడ బూడిద గూడు ఖాళీ చేసింది. జల్లెడ కన్నాల్లో ఇరుక్కున్న బొగ్గుల్ని ఇనుప ఊచతో పొడిచింది. గాలి అందగానే గొట్టం గుర్రుమని పలికింది. పొగ పల్చబడి కనబడకుండా పోయింది. “మసి కూడా గీకాలి, పేరుకుంటే వేడి నీళ్లకు అందదు,” అంది. ఇప్పుడు గరాటులో పోయండి. మూతిలోంచి పొగలు కక్కుతూ దూకిన నీళ్లకు చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంటారు.

ఈ సుఖం మరిగి ఇంట్లో మీరూ ఒకటి పెట్టుకుంటే, నీళ్లు నింపకుండా నిప్పు వేయకండి, అతుకులు ఊడతాయి. ఆవిరి పోయే మూతికి బిరడా బిగించకండి, పేలుతుంది. తలుపులు మూసిన స్నానాలగదిలో అసలే వెలిగించకండి. వాసనలేని కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. కట్టెల మాటంటారా, వచ్చే చలికి కావలసినవి ఈ వేసవిలోనే చీల్చి, నేల తగలకుండా పేర్చి, వానలకు ముందే చూరు కిందికి చేర్చండి.