చిన్న కుక్కలలో వెన్నుపాము గాయం, సంరక్షణ

మెదడు నుంచి వెన్నుపూసల గొట్టం గుండా నడుము దాకా సాగే నరాల తాడును వెన్నుపాము అంటారు. అది నలిగినా, నొక్కుకుపోయినా, తెగినా గాయానికి వెనుకనున్న భాగంలో కదలిక, స్పర్శ, మలమూత్రాలపై అదుపు కొంతగానో పూర్తిగానో పోతాయి. జనం వాడుకలో ఇది నడుము పడిపోవడం. బండి గుద్దడం, డాబా మీది నుంచి పడిపోవడం, పెద్ద కుక్క వీపు కరిచి విదిలించడం చిన్న కుక్కలలో దీనికి తరచుగా కనిపించే కారణాలు. దెబ్బ తగలకుండా వచ్చేది డిస్క్ జబ్బు: పూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్ గట్టిపడి, పగిలి, లోపలి గుజ్జు వెన్నుపాము మీదికి పొడుచుకు వస్తుంది. స్వీడన్ పశువైద్యుడు హాన్సెన్ 1952లో దీన్ని రెండు రకాలుగా విభజించాడు. డాక్స్‌హుండ్ వంటి పొట్టికాళ్ల జాతులలో డిస్క్ త్వరగా ముదరడానికి కారణమైన జన్యు మార్పును 2017లో గుర్తించారు. అందుకే అటువంటి కుక్క 3 నుంచి 6 ఏళ్ల వయసులోనే, ఉత్తినే మంచం దిగినంత మాత్రాన కూడా కూలబడిపోవచ్చు.

గాయపడిన కుక్కను చంకల కింద పట్టి ఎత్తితే విరిగిన పూస మరింత కదులుతుంది కనుక, దాన్ని చెక్క పలక మీదికి మెల్లగా జరిపి, దుప్పటితో వదులుగా కట్టి తీసుకుపోవాలి. మనుషులు వాడే నొప్పి మాత్రలు వేయరాదు. ఐబుప్రొఫెన్ కుక్క కడుపునూ మూత్రపిండాలనూ దెబ్బతీస్తుంది. ఉదాహరణకు, హనుమకొండ జిల్లా ధర్మసాగర్ నుంచి మామునూరు పశువైద్య కళాశాలకు చేరాలంటే కాజీపేట, హనుమకొండ, వరంగల్ దాటి అవతలి దిక్కుకు పోవాలి; వెన్ను శస్త్రచికిత్స కోసం హైదరాబాద్ దాకా వెళ్లాల్సి రావచ్చు. అంత దూరం కుదుపుల్లో పోవాలి కాబట్టి పలక మీద సరిగా కట్టడమే అసలైన ప్రథమ చికిత్స.

పశువైద్యుడు చేసే పరీక్షలలో కీలకమైనది వెనక కాలి వేలి ఎముకను పటకారుతో గట్టిగా నొక్కడం. కాలు వెనక్కి లాక్కున్నంత మాత్రాన నొప్పి తెలిసినట్టు కాదు, అది వెన్నుపాములోనే జరిగే ప్రతిచర్య. కుక్క తల తిప్పి చూస్తే, మూలిగితే, కరవబోతే నొప్పి మెదడుకు చేరినట్టు. డిస్క్ జబ్బులో ఈ లోతు నొప్పి తెలిసే కుక్కలలో శస్త్రచికిత్స తర్వాత పదింట తొమ్మిది వరకు మళ్లీ నడుస్తాయి, తెలియని వాటిలో దాదాపు సగం. పూస విరిగి నొప్పి తెలియకుండా పోతే మాత్రం ఆశ చాలా తక్కువ. శస్త్రచికిత్స చేయించలేనప్పుడు, గాయం స్వల్పమైతే, 4 నుంచి 6 వారాలు చిన్న బోనులో కదలకుండా ఉంచడం కూడా చికిత్సే.

ఇంట్లో సంరక్షణ అంటే ముందుగా మూత్రాశయం. పక్క గుడ్డ తడిసి ఉంటే కుక్క తనంతట తాను మూత్రం పోసుకుంటోందని యజమాని ఊరట చెందుతాడు. నిజానికి అది నిండిన సంచి పొంగి కారడం కావచ్చు. అలా ఉబ్బి ఉండగా వదిలేస్తే సంచి కండరం సాగి పట్టు కోల్పోతుంది, నిలిచిన మూత్రంలో క్రిములు పెరుగుతాయి. అందుచేత రోజుకు 3, 4 సార్లు, తొడల ముందు పొట్ట అడుగున నిమ్మకాయంత గుండ్రంగా చేతికి తగిలే సంచిని రెండు వైపులా అరచేతులతో పట్టి, వెనక్కి నెడుతూ నిదానంగా ఒత్తి ఖాళీ చేయాలి. ఈ పని మొదటిసారి వైద్యుని పక్కనే ఉండి నేర్చుకోవాలి. పెద్ద కుక్కకు ఇద్దరు కావాల్సిన పని చిన్న కుక్కకు ఒక్కరితో అవుతుంది. దాని చిన్న ఒళ్లే ఇక్కడ వరం.

మెత్తటి పరుపు మీద 4 గంటలకోసారి పక్క మార్చి, తడిసిన బొచ్చు కత్తిరించి, తుంటి ఎముకలూ మోచేతులూ ఎర్రబడ్డాయేమో రోజూ చూడాలి. ఒరుసుకుపోయిన చోట ఈగలు వాలితే ఒక్క రోజులోనే పురుగులు పడతాయి, వానాకాలంలో మరీను. కాళ్లను మడిచి చాపడం, మర్దన చేయడం, నొప్పి తగ్గాక గోరువెచ్చని నీళ్ల తొట్టిలో నిలబెట్టడం కండలు కరిగిపోకుండా కాస్తాయి.

కదలిక తిరిగి రాని కుక్కకు పీవీసీ పైపులు, రెండు చక్రాలు, నడుము పట్టీతో చేసిన తేలికైన బండి కడతారు; వెనక పాదాలు నేలకు రాసుకోకుండా మెత్తటి సాక్సులు తొడిగి, కాసేపు తిప్పాక బండిని విప్పేయాలి, ఎందుకంటే ఆ బండిలో కుక్క పడుకోలేదు. స్పర్శ ఎన్నటికీ రాని కుక్కలలో కూడా కొన్ని, నెలల తరబడి అభ్యాసం తర్వాత, వెన్నుపాములో మిగిలిన ప్రతిచర్యల బలంతో తూలుతూ అడుగులు వేస్తాయి. శరీరం ఎంత తేలికైతే అది అంత సాధ్యం.